వేడి మీద చూసిన అంకెను నమ్మొద్దు

మొదట్లో నేను స్టిల్ (సారా కాచే పాత్ర) నుంచి కారిన సరుకును అలాగే గాజు జార్‌లో పోసి, ఆల్కహాల్ మీటర్ (ద్రవంలో తేలుతూ ఆల్కహాల్ శాతం చూపే గాజు గొట్టం) వేసి, 48 శాతం చూసి తెగ సంబరపడ్డాను. చల్లారాక చూస్తే 44! మీటర్ తప్పేం లేదు. వేడికి ద్రవం సాంద్రత తగ్గుతుంది, మీటర్ ఇంకాస్త మునుగుతుంది, అంకె ఎక్కువ చూపిస్తుంది. మరీ చల్లగా ఉంటే ఇది తిరగబడుతుంది.

ముందు మీటర్ లోపలి కాగితం చదవండి. ఏ వేడి దగ్గర అది సరిగ్గా చూపిస్తుందో అందులో ఉంటుంది. చాలావాటికి 20 డిగ్రీల సెల్సియస్. కొన్నిటికి 60 ఫారన్‌హీట్. జార్‌లో థర్మామీటర్ పెట్టి వేడి రాసుకోండి. మీటర్‌ను వేళ్లతో ఒకసారి గిర్రున తిప్పితే అంటుకున్న బుడగలు వదులుతాయి. మీటర్ కాడ చుట్టూ పైకి పాకిన అంచును కాదు, దాని కింద సమంగా ఉన్న మట్టాన్ని కంటి ఎత్తులో చూడండి.

20 డిగ్రీల మీటర్‌కైతే, 40 శాతం చుట్టుపక్కల, 20కి పైనున్న ప్రతి డిగ్రీకి సుమారు 0.4 తీసేయండి. 26 డిగ్రీల దగ్గర 43 చూపిస్తే, 6 సార్లు 0.4 అంటే 2.4 పోయి 40.6. 80 శాతం దగ్గరైతే 0.3 చాలు. ఇది చేతి లెక్కే. నీళ్లు కలిపి బలం సరిచేసేటప్పుడు మాత్రం నేను వేడిని బట్టి అసలు శాతం చెప్పే పట్టిక చూస్తాను.

బాగా వేడిగా ఉంటే లెక్కలెందుకు? మూతపెట్టి, జార్‌ను చన్నీళ్లలో ఉంచండి, మంటకు దూరంగా. చక్కెర కలిపిన మద్యానికి మాత్రం ఈ మీటరే పనికిరాదు.