పెద్ద గాయం తరువాత మళ్లీ పనిలో చేరడం ఎలా?

కట్టు విప్పిన రోజునే పనిలో చేరే రోజుగా లెక్క వేసుకునేవారు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలామంది ఉన్నారు. ఎముక అతకడం వేరు, ఆ కాలు ఎనిమిది గంటల షిఫ్టుకు ఓర్చుకోవడం వేరు. మోకాలి కింది పెద్ద ఎముక విరిగితే అతకడానికే సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆ కాలమంతా కదలిక తగ్గిన కండరాలు సన్నబడతాయి, కీళ్లు బిగుసుకుంటాయి. కాబట్టి చేరే తేదీని చేయవలసిన పనిని బట్టి నిర్ణయించుకోవాలి.

మొదట మీ పనిని కాగితం మీద పెట్టండి. జ్యూట్ మిల్లులో స్పిన్నింగ్ అనో, పైడిభీమవరంలో మందుల కంపెనీ అనో చెబితే డాక్టరుకు అందులోని శ్రమ తెలియదు. ఎన్ని గంటలు నిలబడాలి, ఎంత బరువును ఎంత ఎత్తుకు ఎత్తాలి, తడి నేల మీద నడవాలా, ఇనుప మెట్లు ఎక్కాలా, ప్రమాద గంట మోగితే పరుగెత్తగలరా, పలాస జీడిపప్పు పనివారిలాగా గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చోవాలా అన్నవన్నీ రాయండి. ఇంటి నుంచి పని చోటికి చేరడం కూడా అందులో భాగమే, ఎందుకంటే కిక్కిరిసిన ఆటోలో అంచున కూర్చుని వెళ్లవలసిన మనిషికి ఆ ప్రయాణమే పనికంటే కష్టం కావచ్చు. ఈ కాగితాన్ని డాక్టరుకు, ఫిజియోథెరపిస్టుకు చూపించి, ఏవి చేయవచ్చో, ఏవి ఎంతకాలం చేయకూడదో ధ్రువపత్రంలో రాయమని అడగాలి. ‘పనికి అర్హుడు’ అన్న ఒక్క మాటతో సూపర్‌వైజరుకు ఏమీ తెలియదు.

తరువాత ఇంట్లోనే సాధన చేయాలి. డ్యూటీ వేళకే లేచి, డ్యూటీ చెప్పులో బూట్లో వేసుకుని, కాగితంలో రాసిన కదలికలను కొద్దికొద్దిగా పెంచుతూ వెళ్లండి. అప్పటికప్పుడు కలిగే నొప్పికన్నా మరునాటి ఉదయం కనిపించే వాపు మంచి కొలత: వాపు మిగిలి ఉంటే ముందురోజు మోతాదు ఎక్కువైందని అర్థం. బీడీ, చుట్ట మానకుండా మాంసం, గుడ్డు మీదే నమ్మకం పెట్టుకోవడం సరికాదు. పొగ ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తుంది.

కాగితాల విషయంలో తొందర పనికిరాదు. నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవారికి వర్తించే ఇ.ఎస్.ఐ. (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) పథకంలో, డ్యూటీలో జరిగిన గాయానికి పని చేయలేని కాలమంతా సుమారు 90 శాతం వేతనం వస్తుంది. మామూలు అనారోగ్యంగా నమోదైతే 70 శాతం, అదీ ఏడాదికి 91 రోజుల వరకే. యాజమాన్యం ప్రమాద నివేదిక పంపిందో లేదో ఆరా తీయవలసింది అందుకే. ఈ భృతి తీసుకుంటూ మరోచోట కూలికి వెళ్లకూడదు. ఇక పనిలో చేరవచ్చని డాక్టరు ఇచ్చే ఆఖరి ధ్రువపత్రంతో భృతి ఆగిపోతుంది కనుక, సాధన పూర్తికాకముందే దాన్ని కోరవద్దు. శాశ్వత లోపం మిగిలితే మెడికల్ బోర్డుకు పంపమని అడగాలి. ఇ.ఎస్.ఐ. లేనివారు నష్టపరిహారం కోసం ఆలస్యం చేయకుండా కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లాలి.

ప్రభుత్వ ఉద్యోగులకు మరో రక్షణ ఉంది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చినంత మాత్రాన తొలగించకూడదని, పాత పోస్టుకు సరిపోకపోతే అదే వేతన స్కేలుతో వేరే పోస్టు ఇవ్వాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతుంది.

చేరేముందు సూపర్‌వైజరుతో మాట్లాడి, ‘తేలిక పని’ అంటే ఏమిటో రాతపూర్వకంగా తేల్చుకోండి. నోటిమాటగా ఒప్పుకున్న తేలిక పని, మనుషులు తక్కువైన మొదటి రోజునే బరువు పనిగా మారిపోతుంది. వీలైతే సగం షిఫ్టుతో మొదలుపెట్టి, రాత్రి డ్యూటీని కొన్నాళ్లు వాయిదా వేయమని కోరండి. ఆదివారం సెలవు ఉన్నచోట గురువారం చేరడం మేలు, మూడు పని రోజులకే ఒక విశ్రాంతి దొరుకుతుంది. ముక్కకో కిలోకో కూలి లెక్కగట్టేచోట పాత వేగాన్ని అందుకోవాలన్న ఆత్రం ఎక్కువ కనుక, మొదటి నెల కూలి తగ్గుతుందని ఇంట్లోవారికి ముందే చెప్పి ఉంచాలి.

కొత్తగా తిమ్మిరి, పాత గాయం నుంచి చీము, జ్వరం కనిపిస్తే షిఫ్టు ముగిసేదాకా ఆగకుండా డాక్టరును కలవాలి. పిక్క వాచి ఊపిరి ఆడకపోతే రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. అప్పుడు వెంటనే 108కి ఫోను చేయాలి.