మగపిల్లల బడిలో ఒకటో తరగతికి ఇంగ్లీషు: జూన్ నుంచి దసరా దాకా

1855లో హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలో ఏర్పడిన ఆల్ సెయింట్స్ బడి మొదలుకొని జంట నగరాల్లోని క్యాథలిక్ బడులకు పిల్లలను పంపే తల్లిదండ్రుల్లో చాలామంది క్రైస్తవులు కారు. అక్కడైతే ఇంగ్లీషు బాగా వస్తుందన్న నమ్మకమే వారిని అడ్మిషన్ల వరుసలో నిలబెడుతుంది. ఆ నమ్మకం బరువంతా చివరికి ఒకటో తరగతి టీచరు మీద పడుతుంది. సెక్షన్‌కు యాభై మంది అబ్బాయిలు, నలభై నిమిషాల పీరియడు. లెక్క వేస్తే ఒక్కొక్కడికి నిమిషమైనా దక్కదు. అందువల్ల దసరా సెలవుల దాకా పిల్లవాడి చెవికీ నోటికీ ఎక్కువ పని పెట్టి, చేతికి తక్కువ పెట్టమని కొత్తగా చేరే టీచర్లకు నేను చెబుతుంటాను.

ముందుగా, తరగతిలో తెలుగు మాట్లాడినవాడికి జరిమానా అనే పద్ధతి ఎక్కడైనా ఉంటే దానికి దూరంగా ఉండండి. నేను ఉద్యోగం మొదలుపెట్టిన బడిలో ఆ పద్ధతి ఉండేది. దానివల్ల పిల్లలు ఇంగ్లీషు మాట్లాడలేదు సరికదా, అసలు మాట్లాడడమే మానేశారు. కడుపునొప్పి వచ్చినవాడు కూడా ఇంటర్వెల్ బెల్లు కొట్టేదాకా బిగపట్టుకుని కూర్చునేవాడు. పిల్లవాడు తెలుగులోనో ఉర్దూలోనో చెప్పనివ్వండి. అదే మాటను మీరు చిన్న ఇంగ్లీషు వాక్యంగా తిరిగి అనండి. వాడి చేత ఒక్కసారి అనిపించి వదిలేయండి.

అక్షరాల దగ్గర మన పిల్లలకు ఎదురయ్యే చిక్కు వేరు. తెలుగులో ‘క’ అనే అక్షరం పేరూ ‘క’యే, పలుకూ ‘క’యే. ఇంగ్లీషులో అలా కాదు. ‘హెచ్’ను చాలామంది ‘ఎయిచ్’ అని పలుకుతారు. ఆ పేరులో ‘హ’ ఎక్కడా వినిపించదు. ‘డబ్ల్యూ’ పేరులోనూ ‘వ’ లేదు. ఇంట్లో ఏ, బీ, సీ, డీలు కంఠతా పట్టి వచ్చిన పిల్లవాడు ‘సి, ఏ, టి’ అని గడగడా చెప్పి, ఆ మూడూ కలిపితే ‘క్యాట్’ ఎలా అయిందో తెలియక బిక్కమొహం వేస్తాడు. కాబట్టి మొదటి నెలలో అక్షరాల పేర్లు పక్కన పెట్టి ధ్వనులే చెప్పండి. ఎస్, ఏ, టి, ఐ, పి, ఎన్ అనే ఆరింటి ధ్వనులతో మొదలుపెడితే శాట్, పిన్, ట్యాప్‌లతో పాటు ఇంకో పది మాటలు వారంలోపే చదవగలుగుతారు. ఆ ఆనందం చూసి తీరవలసిందే.

ఉచ్చారణలో తెలుగింటి పిల్లవాడి తప్పు ఒకటి, ఉర్దూ మాట్లాడే ఇంటి పిల్లవాడి తప్పు ఇంకొకటి. రెండోవాడు ‘ఇస్కూల్’ అంటాడు గానీ ‘జూ’లోని జకారాన్ని తేనెటీగ ఝుంకారంలా చక్కగా పలుకుతాడు, మొదటివాడికి ‘స్కూల్’ తేలిక, ఆ జకారం కష్టం. వీళ్లిద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెడితే టీచరు పని సగం వాళ్లే చేసేస్తారు. తెలుగు పిల్లలు ‘ఎగ్’ను ‘యెగ్’ అనీ, ‘ఓల్డ్’ను ‘వోల్డ్’ అనీ అంటారు, ఎందుకంటే పదం మొదట్లో ఎకారానికి ముందు యకారం, ఒకారానికి ముందు వకారం చేర్చడం మన నోటికి అలవాటు. దీనికి ఉపన్యాసం అక్కరలేదు. ‘లెగ్’ అనిపించండి, తర్వాత ‘ల’ను మింగేసి చెప్పమనండి: ‘లెగ్, ఎగ్’. అలాగే ‘కోల్డ్, ఓల్డ్’. మాట చివర ఉకారం చేర్చి ‘బస్సు’ అనేవాళ్ల చేత చివరి సకారాన్ని పాము బుసలా సాగదీయిస్తే ఆ ఉకారం దానంతటదే రాలిపోతుంది.

వాక్యనిర్మాణాన్ని నల్లబల్ల మీద కాక పిల్లలను నిలబెట్టి చూపించండి. ముగ్గురికి మూడు పలకలిచ్చి, వాటి మీద ‘రాము’, ‘ఏట్’, ‘మ్యాంగో’ అని రాయండి. తెలుగులో ‘రాము మామిడిపండు తిన్నాడు’ అన్నా, ‘మామిడిపండు రాము తిన్నాడు’ అన్నా తిన్నవాడు రామే. ఇప్పుడు ఇంగ్లీషు పలకలు పట్టుకున్న ఇద్దరు చివరివాళ్లనూ అటూ ఇటూ మార్చి చదవమనండి. మామిడిపండే రామును తినేసిందని తెలిసి తరగతి గొల్లుమంటుంది. మాట నిలబడే చోటును బట్టే అర్థం ఉంటుందని ఆ నవ్వుతోనే వాళ్లకు ఎక్కుతుంది.

ఉదయం అసెంబ్లీలో చెప్పే ‘అవర్ ఫాదర్’ ప్రార్థన అన్ని మతాల పిల్లలకూ నెలలోపే నోటికి వచ్చేస్తుంది, అర్థం మాత్రం ఎవరికీ తెలియదు. అందులోని ‘దై’, ‘హ్యాలోడ్’ వంటి పాత మాటలను ఈ వయసులో విడమరచవద్దు; బ్రెడ్, డే, నేమ్ వంటి మాటలను ఏరుకుని వాడుకోండి. ఒకసారి ఒక అబ్బాయి నా దగ్గరికి వచ్చి, “టీచర్, గోడ దూకినవాళ్లను క్షమించమని దేవుణ్ని ఎందుకు అడుగుతున్నాం?” అన్నాడు. ప్రార్థనలో తప్పులు అనే అర్థంలో వచ్చే ‘ట్రెస్‌పాసెస్’ను, వాళ్ల వీధిలో ఖాళీ ప్లాటు బోర్డు మీద ఉన్న ‘ట్రెస్‌పాసర్స్’తో, అంటే అనుమతి లేకుండా లోపలికి వచ్చేవాళ్లతో, వాడే జత కలుపుకున్నాడు. ఆ రోజు పాఠం ఆపేసి, వీధుల్లో కనిపించే బోర్డుల మీది మాటలే చెప్పించాను.

మగపిల్లల తరగతిలో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది నవ్వు. మామిడిపండును చూసి నవ్వడం వేరు, తోటివాణ్ని చూసి నవ్వడం వేరు. ఒకడు ‘షీ గో’ అన్నప్పుడు వెనక బెంచీ పకపకమంటే వాడు మార్చి దాకా మళ్లీ నోరు తెరవకపోవచ్చు. కాబట్టి తప్పును పేరు పెట్టి దిద్దవద్దు. ‘యెస్, షీ గోస్’ అని సరైన రూపాన్ని జవాబులో కలిపి ముందుకు సాగిపోండి. ఆ ‘స్’ను నేర్పడానికి క్రికెట్‌ను మించిన సాధనం నాకు దొరకలేదు. మైదానంలో ఇద్దరు ఆడుతుంటే మూడోవాడు వ్యాఖ్యానం చెప్పాలి: ‘హీ రన్స్, హీ హిట్స్’. మనకు ‘పరుగెత్తుతాను, పరుగెత్తుతాడు, పరుగెత్తుతుంది’ అని మనిషిని బట్టి క్రియ మారుతుందనీ, ఇంగ్లీషువాళ్లకు ఇలాంటి క్రియల్లో ఈ ఒక్క చోటే మారుతుందనీ చెబితే, ‘ఇంతేనా టీచర్’ అంటారు.

రాత సంగతి క్లుప్తంగా చెబుతాను. నాలుగు గీతల నోటుపుస్తకంలో రోజుకు నాలుగు వరుసలు చాలు. ‘బి’నీ ‘డి’నీ తారుమారు చేసేవాణ్ని తిట్టవద్దు, ఆ వయసులో అది మామూలే. ఇంగ్లీషు రాని అమ్మానాన్నలు ట్యూషన్ పెట్టించాలా అని అడుగుతారు. అక్కరలేదని చెప్పి, రాత్రి అన్నం పెట్టేటప్పుడు వాడు ఆ రోజు నేర్చుకున్న రెండు వాక్యాలు చెబుతుంటే వినమనండి. విన్నట్టు డైరీలో సంతకం చాలు.

దసరా సెలవుల తర్వాత సగం తరగతి అంతా మరిచిపోయి వస్తుంది. మొదటి రెండు రోజులు పుస్తకం తెరిపించకండి. ఊరికి వెళ్లి ఏం తిన్నావు, ఎవరిని చూశావు అని ఒక్కొక్కణ్ని అడగండి. ‘ఐ ఈట్ గారెలు’ అని ఒకడు అన్నప్పుడు, ‘ఓ, యూ ఏట్ గారెలు!’ అంటూ భూతకాలం పాఠం మొదలుపెట్టండి.