ఇంట్లో మాట మోగుతోందా, చప్పుడు ఆగడం లేదా: లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

చీమకుర్తి గ్రానైట్ పరిచి, నున్నటి గోడలు, పెద్ద గాజు కిటికీలు పెట్టి ఒంగోలు చుట్టుపక్కల కడుతున్న ఇళ్లలో చప్పుడు గురించిన ఇబ్బందులు పైకి ఒకేలా ఉన్నా కారణాలు వేరు. శబ్దం గాలిలో వస్తోందా, శ్లాబు గుండా వస్తోందా అన్నది తేల్చుకున్నాకే డబ్బు ఖర్చు పెట్టాలి.

సమస్య: హాల్లో మాట మోగుతూ, అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి.

కారణం: గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణించే శబ్దం, గాలికంటే ఎంతో బరువూ గట్టిదనమూ ఉన్న రాయికి తగిలినప్పుడు దానిలోకి దాదాపుగా చొరబడలేక వెనక్కి మళ్లుతుంది. మెరుగుపెట్టిన రాయి పీల్చుకునేది నూటికి ఒకటి రెండు వంతులే కనుక, పలికిన అక్షరం గోడల మధ్య తిరుగుతూనే ఉండి తరువాతి అక్షరాన్ని కప్పేస్తుంది.

పరిష్కారం: నూలు పోగుల మధ్య కదిలే గాలి రాపిడికి లోనై శబ్దశక్తి వేడిగా మారుతుంది కాబట్టి, మడతలు పడేలా వేసిన మందపాటి పరదా మన మాటల స్థాయి శబ్దంలో సగం దాకా పీల్చగలదు. 1890లలో హార్వర్డ్‌లో వాలెస్ సబైన్ కుర్చీల మెత్తలు పేర్చి కొలిచి తేల్చిన సూత్రం ఇక్కడ పనికొస్తుంది: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, పీల్చుకునే మొత్తం వైశాల్యంతో (ఒక్కో ఉపరితలం వైశాల్యాన్ని అది పీల్చే వంతుతో గుణించి, అన్నీ కూడితే వచ్చేది) భాగిస్తే మోత ఎన్ని సెకన్లు నిలుస్తుందో తెలుస్తుంది. 90 ఘనపు మీటర్ల హాల్లో ఆ వైశాల్యం 5 చదరపు మీటర్లయితే మోత దాదాపు 2.9 సెకన్లు, సగం పీల్చే 20 చదరపు మీటర్ల పరదా వేస్తే ఆ వైశాల్యానికి 10 కలిసి 15 అవుతుంది, మోత సుమారు ఒక సెకనుకు దిగుతుంది. కొనేముందు రెండు పరుపులు గోడకు నిలబెట్టి, చప్పట్లు కొట్టి తేడా వినండి. గుడ్ల ట్రేలు అతికించడం మాత్రం దండగ.

సమస్య: పక్కగది మాటలు వినిపిస్తున్నాయి.

కారణం, పరిష్కారం: దీనికి పరదా చాలదు. తలుపు కింది సందు, ఏసీ పైపు రంధ్రం మూసి, బోలు తలుపు స్థానంలో బరువైన చెక్క తలుపు పెట్టాలి. రాత్రి ఒక గదిలో దీపం వేసి చూస్తే సందులు బయటపడతాయి. అయితే వెలుతురు కనబడనంత మాత్రాన సందు లేదనుకోకూడదు, ఎందుకంటే మీటరు పొడవు తరంగాలున్న శబ్దం మూల తిరిగి కూడా వస్తుంది.

సమస్య: మిద్దె మీది ప్రెషర్ పంపు రొద కింది పడకగదిలో వినిపిస్తోంది.

కారణం, పరిష్కారం: కాంక్రీటులో శబ్దం గాలిలోకంటే ఇంచుమించు పదింతల వేగంతో, పెద్దగా తగ్గకుండా సాగుతుంది. చెవి గోడకు ఆనించినప్పుడు రొద పెరిగితే దారి అదే. పంపు కింద మందపాటి రబ్బరు ప్యాడ్లు వేసి, పైపులో ఒక ముక్క రబ్బరు గొట్టం కలిపి, గోడ క్లాంపులకు రబ్బరు చుట్టాలి. బోల్టు నేరుగా శ్లాబులోకి బిగిస్తే కంపనం దాని గుండానే దిగుతుంది కనుక, బోల్టుకు కూడా రబ్బరు వాషరు, రబ్బరు తొడుగు వేయించండి.