పికప్ బండి ఎత్తు పెంచాక బ్రేకు తేడా చేస్తోందా? హోస్ కొనే ముందు కింద పడుకుని చూడండి

రొయ్యల చెరువుల గట్ల మీదా, క్వారీ బాటల్లోనూ అడుగు తగలకూడదని కమాను కట్టలో ఒక పట్టీ అదనంగా వేయించడం, లేదా కట్టకూ హౌసింగ్‌కూ (ఇరుసు ఉండే గుల్లకూ) మధ్య ఇనుప దిమ్మ పెట్టించడం ముత్తుకూరు నుంచి చీమకుర్తి దాకా మామూలే. ఆ తర్వాత అందరూ అడిగేది ఒక్కటే: బ్రేక్ హోస్ (ఛాసిస్ నుంచి చక్రాల వైపు బ్రేక్ ఆయిల్ తీసుకెళ్లే మెత్తటి గొట్టం) పొడవుది వేయాలా? అడిగే ముందు బండి పక్కన వంగి చూసి "వదులుగానే ఉంది" అంటారు. చదును నేల మీద నిలబడ్డ బండికి హోస్ వదులుగానే ఉంటుంది. చక్రం గోతిలోకి దిగినప్పుడు మాటేమిటి?

గోతిలో పడ్డాక పెడల్ దిగిపోతోంది, హోస్ దగ్గర తడి

హోస్ చాలడం లేదు. ఛాసిస్‌కు జాకీ వేసి, స్టాండ్ల మీద కూర్చోబెట్టి, చక్రాలను గాలిలో పూర్తిగా వేలాడనివ్వండి. హౌసింగ్ ఇక దిగలేనంత దిగాక హోస్ చూడండి. ఇంకా వంపు ఉంటే పాతదే చాలు. బిగుసుకుంటే మార్చాల్సిందే. ముందు చక్రాలకైతే అలా వేలాడుతుండగానే స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి.

షాక్ అబ్జార్బర్లు పాతవే ఉంచితే చాలా బండ్లలో హౌసింగ్ దిగకుండా అవే పట్టి ఆపుతాయి. అందుకే 2 అంగుళాలు లేపినా కొన్నింటికి పాత హోస్ సరిపోతుంది. పొడవైన షాకులు వేయించారంటే మాత్రం కొత్త హోస్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. వేలాడిన స్థితిలోనే కట్టుతీగతో వంపు వెంట కొలిచి కొనాలి. అవసరానికి మించి పొడవైతే టైరుకో, సైలెన్సర్ గొట్టానికో రాసుకుంటుంది. రెండు ముక్కలు అతికించి తెచ్చేవాళ్లున్నారు. అలాంటి బండిని నేను ముట్టుకోను.

హోస్ బాగుంది, ఆయిల్ కారడం లేదు, కానీ లోడుతో బండి ఆగడం లేదు

నన్ను బాగా ఏడిపించింది ఇదే. ముత్తుకూరు వైపు నుంచి రొయ్యలు తోలే బండి ఒకటి వచ్చింది. వెనక 2 అంగుళాలు లేపారు. ఖాళీగా ఉంటే బాగానే ఆగుతుంది, ఐసు ట్రేలు నింపితే ముక్కు కిందికి వంగి జారుతుంది. హోస్ మార్చాను. బ్రేకు పైపుల్లోంచి మూడుసార్లు గాలి తీశాను. వెనక లైనింగులూ మార్చాను. నాలుగోసారి వచ్చినప్పుడు వెనక బ్రేకు డ్రమ్ముల మీద చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉన్నాయి. ముందు డిస్కుల దగ్గరికి చెయ్యి పోనివ్వలేనంత వేడి. అంటే వెనక బ్రేకు పని చేయడం లేదు.

కారణం లోడును బట్టి వెనక బ్రేకు ఒత్తిడిని మార్చే వాల్వు. ఇది ఛాసిస్‌కు ఉంటుంది, దీని చేతి నుంచి ఒక కడ్డీ హౌసింగ్‌కు వెళ్తుంది. లోడు పడి ఛాసిస్ కిందికి దిగితే వాల్వు తెరుచుకుని వెనకకు ఒత్తిడి పూర్తిగా వెళ్తుంది. ఛాసిస్ పైకి లేస్తే బండి ఖాళీ అనుకుని ఒత్తిడి తగ్గిస్తుంది. మనం దిమ్మ పెట్టి లేపాం కదా, ఎంత లోడు వేసినా దాని లెక్కలో బండి ఖాళీయే.

దిమ్మ ఎంత ఎత్తుంటే హౌసింగ్ మీద కడ్డీ పట్టుకునే బ్రాకెట్‌ను అంత పైకి లేపాలి. సర్దుబాటు మరలుంటే కంపెనీ చెప్పిన కొలతకు తిప్పాలి. ఆ బండికి ఇంకో తంటా కూడా ఉంది: ట్రేల నుంచి కారిన ఉప్పునీళ్లకు కడ్డీ పిన్ను తుప్పు పట్టి కదలనేలేదు. బ్రాకెట్ లేపే ముందు వాల్వు చేతిని పైకీ కిందికీ ఆడించి చూడండి. సముద్రం వైపు తిరిగే బండ్లకు ఎత్తు పెంచకపోయినా ఈ పరీక్ష తప్పదు.

"ఆ వాల్వు పీకేసి నేరుగా పైపు కలిపెయ్యి" అనే సలహా కూడా వస్తుంది. వద్దు. వాన పడ్డ హైవే మీద ఖాళీ బండికి గట్టిగా బ్రేకు వేస్తే వెనక చక్రాలు ముందే బిగిసి బండి అడ్డం తిరుగుతుంది.

చక్రం వేడెక్కుతోంది

వెనక రెండూ అయితే హ్యాండ్ బ్రేక్ కేబుల్ బిగుసుకుంది, వదులు చేయండి లేదా పొడవుది వేయండి. ఒకే చక్రం పట్టేసి, గాలి తీసే నిప్పిల్ విప్పగానే వదిలితే చాలావరకు హోస్ లోపలి పొర చెడింది. బయటకు కొత్తదిలా కనిపించినా మార్చేయాలి.

మాస్టర్ సిలిండర్, బూస్టర్ చెడడం ఎత్తు పెంచినందుకు రాదు. వాటి జోలికి చివర్లో వెళ్లండి.

హోస్ మార్చినప్పుడు రాగి వాషర్లు కొత్తవే వేయండి. గాలి తీసేటప్పుడు బండి చక్రాల మీద నిలబడి ఉండాలి. హౌసింగ్ వేలాడుతుంటే లోడు వాల్వు సగం మూసుకుని ఉంటుంది, గాలి లోపలే చిక్కుకుంటుంది. వాల్వుకే విడిగా నిప్పిల్ ఉంటే అక్కడా తీయాలి, చాలామంది దాన్ని మరిచిపోయి పెడల్ మెత్తగా ఉందని మళ్లీ వస్తారు.