ఉక్కపోత కాలం వస్తోంది, తామరకు స్టెరాయిడ్ క్రీమ్ పూయకండి

టెర్బినఫిన్ అనే ఫంగస్ మందుకు లొంగని తామర ఫంగస్ ఒకటి దేశాలు దాటి పాకుతోంది. పేరు ట్రైకోఫైటాన్ ఇండోటీనియే. 2023లో అమెరికాలోనూ దాని కేసులు నమోదయ్యాయి. అది ఇంతలా వ్యాపించడానికి స్టెరాయిడ్ కలిసిన క్రీములను ఇష్టమొచ్చినట్టు వాడటమూ ఒక కారణమని చర్మవైద్యులు మొత్తుకుంటున్నారు.

రోజూ స్నానం చేయండి, తడిబట్టలతో ఉండకండి అని మళ్ళీ చెప్పను. మనుషుల్ని నిజంగా ముంచేస్తున్నది ఒక్కటే: దురద పుట్టగానే ఇంట్లో ఉన్న ఏదో ట్యూబు తీసి పూసేయడం.

మన చర్మం కొంచెం ఆమ్లగుణంతో ఉంటుంది, పీహెచ్ దాదాపు 5. అక్కడ బతికే స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ లాంటి బ్యాక్టీరియా చెడ్డ క్రిములకు చోటు దక్కనివ్వదు, చర్మంలోని రక్షణ కణాలను మెలకువగా ఉంచుతుంది. ఫంగస్ దిగినప్పుడు కనిపించే ఎరుపు, దురద ఆ కణాల పోరాటమే. స్టెరాయిడ్ సరిగ్గా ఆ పోరాటాన్నే ఆపేస్తుంది. దురద పోతుంది, గుండ్రటి అంచు మసకబారుతుంది, తగ్గిందనుకుంటాం. అడ్డులేని ఫంగస్ మాత్రం పక్కకు పాకుతూనే ఉంటుంది. క్రీమ్ ఆపగానే భగ్గుమంటుంది, మళ్ళీ పూస్తాం. నాకు తెలిసిన ఒకాయనకు నడుము దగ్గర గోరంత మచ్చ ఇలాగే వీపంతా అల్లుకుంది. గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడ్డాయి. ఆ చారలు ఇక పూర్తిగా పోవు.

ట్యూబు మీద చదవండి. క్లోబెటాసోల్, బీటామెథాసోన్, బెక్లోమెథాసోన్, మొమెటాసోన్ లాంటి స్టెరాయిడ్ పేరు ఉంటే తామరకు వద్దు. పక్కనే ఫంగస్ మందు పేరున్నా వద్దు. ఎగ్జిమాకు (ఫంగస్ వల్ల కాకుండా వచ్చే చర్మపు వాపు, దురద) డాక్టర్ రాసిచ్చిన స్టెరాయిడ్ సంగతి వేరు, దాన్ని సొంతంగా ఆపకండి.

యాంటీసెప్టిక్ సబ్బుతో ఒళ్ళంతా రోజూ తోమకండి, మేలు చేసే బ్యాక్టీరియా కూడా పోతుంది.
వేళ్ళ సందులు, చంకలు, గజ్జలు ఆరాకే బట్టలు వేసుకోండి.
టవల్ ఎవరిది వారిదే.
ఇంట్లో ఇద్దరికుంటే ఇద్దరికీ ఒకేసారి వైద్యం.
మచ్చ మాయమైందని మందు మధ్యలో మానకండి.
షుగర్ ఉన్నవాళ్ళు అసలు ఆలస్యం చేయొద్దు.
పక్కవాళ్ళకు తగ్గిన క్రీమ్ మీరు పూయొద్దు.
అనుమానమొస్తే పొలుసు గీకి మైక్రోస్కోప్‌లో చూడమని అడగండి.
ఇప్పటికే వారాల తరబడి స్టెరాయిడ్ పూస్తున్నారా? ఆ ట్యూబు చేత్తో పట్టుకుని ఈ వారమే చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళండి.