చేతిపని మీద చిన్న సినిమా – మూడో పాఠం: రంగు మారే చోట కెమెరా

పోయిన పాఠంలో ఒక పని చెప్పాను. ఫోన్ జేబులోంచి తీయకుండా ఒక చేతిపనివారి దగ్గర రెండు గంటలు కూర్చుని, వాళ్ల చేతులు ఏమేం చేశాయో వరుసగా కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం ఇప్పుడు ముందు పెట్టుకోండి. రాయకపోతే ముందు ఆ పని చేసి రండి, ఈ పాఠం ఎక్కడికీ పోదు.

కాగితం మీద మీరు రాసుకున్న పనుల్లో చాలావరకు ఒకేలా ఉంటాయి: తీశారు, ముంచారు, ఆరేశారు, మళ్లీ తీశారు. వాటిలో రెండో మూడో మాత్రం వేరు. అక్కడ చేతిలో ఉన్న వస్తువు మారిపోతుంది. కర్ర బొమ్మ అవుతుంది, పచ్చి మట్టి గట్టిపడుతుంది, తెల్ల గుడ్డ మీద ఎరుపు పుడుతుంది. ఆ రెండు మూడు చోట్లా పెన్సిల్‌తో సున్నా చుట్టండి. సినిమా అక్కడుంది. మిగతాదంతా ఆ చోటికి చేరడానికి దారి.

నేను ఇది ఆలస్యంగా నేర్చుకున్నాను. గుడ్డ మీద కలంతో బొమ్మలు వేసే శ్రీకాళహస్తి కలంకారీ పని మీద నా మొదటి సినిమా ఆరు నిమిషాలు. చూసినవాళ్లంతా బాగుందన్నారు. బాగుందని ఊరికే అంటే నమ్మకూడదని అప్పటికి తెలీదు. మా మేనత్త ఒక్కతే అడిగింది: "ఒరేయ్, ఆయన నీళ్లతో బొమ్మ వేస్తున్నాడేంట్రా? తర్వాత అది ఎర్రగా ఎట్లా అయింది?"

ఆవిడ అడిగినదానికి నా సినిమాలో జవాబు లేదు. ఆ "నీళ్లు" పటిక నీళ్లు. కలంతో పటిక నీళ్లు నింపడం తీశాను, ఎర్రటి బొమ్మ తీశాను, మధ్యలో జరిగింది తీయలేదు. ఆ పూట నేను టీ తాగడానికి వెళ్లాను.

కలంకారీనే ఉదాహరణగా తీసుకుందాం. రంగు ఎక్కడ, ఎందుకు మారుతుందో తెలిస్తే కెమెరా ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

ముందు నూలుగుడ్డని కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. కరక్కాయలోని వగరు గుడ్డకు పడుతుంది. పాలలోని కొవ్వు రంగు గుడ్డ మీద పాకిపోకుండా ఆపుతుంది. ఆరిన గుడ్డ మీద చింతపుల్లని కాల్చిన బొగ్గుతో బొమ్మ గీస్తారు. ఆ గీత తప్పుపోతే దులిపేయొచ్చు. దాని మీద కలంతో నల్ల గీత వేస్తారు. కలం అంటే చెక్కిన వెదురుపుల్ల, దాని నడుమ చుట్టిన ఉన్నిగుడ్డ. ఆ ఉండ రంగుని పీల్చుకుని ఉంటుంది, వేలితో ఎంత నొక్కితే అంత దిగుతుంది. నలుపుకి కసిమి అని పేరు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్లు కుండలో వేసి రోజుల తరబడి ఊరబెడితే వచ్చే ద్రావణం అది. గుడ్డలోని కరక్కాయ వగరుని తగిలేసరికి ఆ ఇనుము నల్లబడుతుంది.

ఇది మొదటి సున్నా. బొగ్గు గీతని దులపొచ్చు, కసిమి గీతని దులపలేరు. అందుకే కలం పట్టిన మనిషి ఊపిరి కూడా అక్కడ మారుతుంది, గమనించండి. అక్కడ మీకు రెండు షాట్లు కావాలి. ఒకటి బొటనవేలు, చూపుడువేలు కలిసి ఉన్నిఉండని నొక్కడం, ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా. రెండోది అదే సమయంలో ముఖం. ఒక్క ఫోన్ ఉంటే రెండూ ఒకేసారి రావు, కాబట్టి ఒక గీతకి వేళ్లు, ఇంకో గీతకి ముఖం తీయండి. ఎడిటింగ్‌లో కలుస్తాయి, ఎందుకంటే ఆయన ఎలాగూ వందల గీతలు గీస్తారు.

రెండో సున్నా మా మేనత్త అడిగింది. ఎర్రగా రావాల్సిన చోటల్లా పటిక నీళ్లు నింపుతారు. చూడ్డానికి దాదాపు ఏమీ కనిపించదు. ఆరాక గుడ్డని పారే నీళ్లలో కడుగుతారు. తర్వాత మంజిష్ఠ లాంటి ఎర్రరంగునిచ్చే వేర్లు, చెక్కలు వేసిన గంగాళంలో ఉడికిస్తారు. పటిక ఉన్నచోట ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది, లేనిచోట నిలవదు. అంటే ముందు కనిపించకుండా వేసిన బొమ్మ తర్వాత గంగాళంలోంచి బయటికొస్తుంది. ఇంతకంటే మంచి క్లైమాక్స్ ఏ రచయితా రాయలేడు. నేను దాన్ని వదిలేసి టీకి వెళ్లాను!

దీనికి మూడు షాట్లు. పటిక నింపేటప్పుడు వెలుగు పక్కనుంచి పడేలా కూర్చోండి, తడి మెరుస్తుంది, చూసేవాళ్లకి "ఇక్కడేదో వేస్తున్నారు" అని తెలుస్తుంది. ఆ షాట్‌లో ఏదో ఒక గుర్తు ఉండాలి, ఒక నెమలి మెడ అనుకోండి. రెండోది గుడ్డ గంగాళంలోకి దిగడం. మూడోది కర్రతో పైకెత్తినప్పుడు అదే నెమలి మెడ. అదే మెడ కాకపోతే లెక్క తప్పుతుంది. ముందు తీసిన షాట్ ఫోన్‌లో ఒకసారి చూసుకుని వెళ్లి నిలబడండి. ఆవిరికి లెన్స్ మసకబారుతుంది, జేబులో పొడి బట్ట పెట్టుకోండి.

ఎక్కడ కూర్చోవాలి, ఎంత వెలుగు

చేతిపనివాళ్లు ఎక్కువగా నేల మీద కూర్చుని పనిచేస్తారు. మనం నిలబడి తీస్తే నడినెత్తి వస్తుంది. కూర్చోండి, కెమెరా వాళ్ల మోకాలి ఎత్తులో ఉండాలి. కుడిచేతివాటం మనిషైతే ఎడమవైపు కూర్చోండి, లేకపోతే పనిచేసే చెయ్యే పనికి అడ్డమొస్తుంది. ఒకసారి కూర్చున్నాక అటువైపే ఉండండి. ఒక షాట్ ఇటు నుంచి, ఇంకోటి అటు నుంచి తీస్తే తెరమీద ఆయన ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి గీస్తున్నట్టు ఉంటుంది.

తెల్లగుడ్డ ఫ్రేమ్ నిండా ఉంటే ఫోన్ మోసపోతుంది. వెలుగు ఎక్కువైందనుకుని మొత్తం చీకటి చేస్తుంది, చేతులు నల్లగా పడతాయి. తెర మీద చేయి ఉన్నచోట వేలితో నొక్కి పట్టుకోండి, చాలా ఫోన్లలో ఫోకస్, వెలుగు రెండూ అక్కడ లాక్ అవుతాయి. ట్యూబ్‌లైట్ కింద తీస్తే వీడియోలో చారలు పాకుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, సెట్టింగ్స్‌లో కుదిరితే సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టుకోండి. కుదరకపోతే లైటు ఆర్పి తలుపు తెరవండి. నన్నడిగితే రెండోదే మేలు.

పక్క వెలుగు అన్నిటికీ పనికిరాదు. నిమ్మలకుంట తోలుబొమ్మల సంగతి చూడండి. మేకతోలుని పలచగా, వెలుగు దూరేలా చేసి రంగులు వేసి, ఉలితో చిల్లులు పెడతారు. ముందునుంచి వెలుగు పడితే అది రంగువేసిన తోలుముక్క. వెనకనుంచి పడితే తోలుబొమ్మ. చెక్కేటప్పుడు తీసిన షాట్ ఎంత బాగున్నా, చివర్లో ఒక్కసారి ఆ బొమ్మని కిటికీకి ఎదురుగా పట్టుకోమనండి.

ఎంతసేపు తీయాలి

ప్రతి షాట్ కనీసం పది సెకన్లు, చేయి పని మొదలుపెట్టకముందు రికార్డింగ్ మొదలుపెట్టి, పని అయ్యాక మూడు సెకన్లు ఆగి ఆపండి. ఇది మామూలు సూత్రం. మామూలు సూత్రం పనికిరాని చోటు గురించి చెప్పాలి.

పోచంపల్లి తరహా చీరకి ముందు ఆసు పోయాలి, అంటే నేతకి ముందు దారాన్ని మేకులకి చుట్టాలి. ఒకవైపు అర్ధచంద్రాకారంలో మేకులు, రెండోవైపు ఒకే మేకు, మధ్యలో చెయ్యి దారాన్ని అటూ ఇటూ తిప్పుతూనే ఉంటుంది. ఒక చీరకి దాదాపు 9,000 సార్లు. ఎక్కువగా ఆడవాళ్లు చేసే పని. చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక దీనికి యంత్రం తయారు చేసి, ఆమె పేరుమీదే లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది.

సరే, 9,000 సార్లు అన్నది ఐదు నిమిషాల సినిమాలో ఎలా చూపిస్తారు? చాలామంది వేగం పెంచేస్తారు, చెయ్యి ఫ్యాన్‌లా తిరుగుతుంది, కింద హుషారు సంగీతం. అది అబద్ధం. చూసేవాడికి ఆ పని సరదాగా కనిపిస్తుంది. కెమెరా కదపకండి, కట్ చేయకండి, నలభై సెకన్లు ఒకే షాట్ ఉంచండి. ఇరవయ్యో సెకనులో చూసేవాడికి విసుగొస్తుంది. ముప్ఫయ్యో సెకనులో తన భుజం తనకి గుర్తొస్తుంది. 9,000 అన్న అంకె అప్పుడు వేయండి, తెర మీద, మాట లేకుండా.

అదే ఏటికొప్పాక బొమ్మలైతే తిరగేసి ఆలోచించాలి. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ రంగు లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పూత అవుతుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే నున్నటి మెరుపు. లక్క పట్టుకోవడం కళ్లముందే కొద్ది సెకన్లలో అయిపోతుంది. అక్కడ స్లో మోషన్ పెట్టినా తప్పులేదు. స్లో మోషన్ అందం కోసం కాదు, కంటికి అందనిదాన్ని అందించడం కోసం.

శబ్దం గురించి ఇప్పటికి రెండే మాటలు. వీలైతే ఇంకో ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, పని జరిగే చోటికి మూర దూరంలో ఉంచి రికార్డు చేయండి. వెళ్లేముందు ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఆ గది శబ్దం తీసుకోండి. ఎడిటింగ్‌లో కట్‌ల మధ్య అతుకులు కనపడకుండా అదే కాపాడుతుంది.

ఇక కెమెరాకి సంబంధం లేని విషయం, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది. చాలామందికి కూలి పనిని బట్టి, ముక్కకింత. "ఇంకోసారి చేయండి సార్" అన్న ప్రతిసారీ వాళ్ల డబ్బు పోతుంది. ఒక రోజు తీస్తే ఒక రోజు కూలి ముందే మాట్లాడుకుని ఇవ్వండి. మొహమాటపడి వద్దంటారు, అయినా ఇవ్వండి. అలాగే అమ్మకానికి వెళ్లని కొత్త డిజైన్ మీ సినిమాలో పూర్తిగా కనపడితే స్క్రీన్ ప్రింట్ వేసేవాడు ముందే దించేస్తాడు. ఏది చూపించొచ్చో, ఏ పాళ్లు చెప్పకూడదో అడిగి రాసుకోండి.

వెనక మాట (వాయిస్ ఓవర్) రాయడం ఐదో పాఠంలో ఉంది. "అంతరించిపోతున్న కళ" అన్న ముక్క మాత్రం ఇప్పుడే కొట్టేయండి. కలంకారీ పని అయిపోయిందనుకున్న రోజులుండేవి. 1950ల్లో, చేతిపనులు నిలబెట్టడానికి పాటుపడ్డ కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ మొదలైంది, పని మళ్లీ లేచింది, 2005లో జీఐ (ఇది ఈ ఊరి సరుకే అని చెప్పే భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. పొద్దున్నే పనిలో కూర్చున్న మనిషి ముందు నిలబడి ఆయన పనికి సంతాపం చెప్పడం ఏం మర్యాద?

ఈసారి పని: తొంభై సెకన్ల సినిమా, తొమ్మిది షాట్లకి మించకుండా. మాట వద్దు, సంగీతం వద్దు, అక్కడి శబ్దం చాలు. మీరు సున్నా చుట్టిన వాటిలో ఒక్కటే తీసుకోండి. తీశాక ఆ పని గురించి ఏమీ తెలియని ఒకరికి చూపించి, ఏం జరిగిందో వాళ్లనే చెప్పమనండి. మీరు నోరు మెదపకండి. వాళ్లు ఎక్కడ తడబడితే అక్కడ ఒక షాట్ తక్కువైంది. నాకు మేనత్త ఉంది, మీకూ ఎవరో ఒకరుంటారు.

ఆ షాట్ కోసం మళ్లీ వెళ్లినప్పుడు, తీసిందాన్ని ముందు ఆ పనివారికే చూపించండి. నేను చూపించినప్పుడు ఆయన మొదటి నిమిషంలోనే ఆపేసి, "ఇది ఉతుకు ముందు గుడ్డ, ఇది తర్వాతది, తలకిందులు పెట్టావు" అన్నారు. తర్వాత ఏది ముందో, ఎందుకు ముందో పావుగంట వివరించారు. అంతకుముందు ఇంటర్వ్యూ అని కుర్చీ వేసి కూర్చోబెడితే నాలుగు ముక్కలు కూడా మాట్లాడని మనిషి. ఆ పావుగంటలో నా ఫోన్ రికార్డింగ్‌లో లేదు. మీది ఉంచండి, నాలుగో పాఠం ఆ మాటలతోనే మొదలుపెడతాం.