చెన్నైలో మిద్దె మీద కంపోస్ట్: ఎండాకాలం ఒకలా, వానాకాలం ఒకలా చూసుకోవాలి

చెన్నైలో మిద్దె తోట పెట్టుకున్న మనవాళ్ళు చాలామంది అడిగేది ఒకటే, మా డ్రమ్ములో చెత్త ఎందుకు కుళ్ళట్లేదు, ఏ పౌడర్ కలపాలి అని. పౌడర్ సంగతి పక్కన పెట్టండి, ముందు లోపల తడి ఎంతుంది, గాలి ఆడుతోందా లేదా చూడండి. చెత్తని మట్టిగా మార్చేది బ్యాక్టీరియా, ఫంగస్, వాటికి కావాల్సింది తిండి, తడి, గాలి, వేడి, అంతే. వేడికి చెన్నైలో కొదవ లేదు, జనవరి రాత్రిళ్ళు కూడా 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది, కాబట్టి ఇక్కడ చిక్కంతా తడి, గాలి దగ్గరే వస్తుంది.

తిండి విషయం తొందరగా చెప్పేస్తా. ఒక డబ్బా కూరగాయల తొక్కలకి రెండు డబ్బాల ఎండాకులు వెయ్యండి, ఎండాకుల్లో ఎక్కువుండే కార్బన్, తొక్కల్లో ఎక్కువుండే నైట్రోజన్ కంటే 25 నుంచి 30 రెట్లు ఉండాలంటారే, ఇంచుమించు అక్కడికే వస్తుంది. బాదం ఆకులు మందంగా ఉంటాయి, నలిపి వేస్తేనే తొందరగా అవుతాయి. కొబ్బరి పీచు, రంపపు పొట్టు లాంటివాటిలో లిగ్నిన్ (కట్టెకి గట్టిదనం ఇచ్చే పదార్థం) ఎక్కువ, వాటికి నెలలు పడుతుంది, కొంచెమే వాడండి.

ఇక తడి. డ్రమ్ములో పైది కాదు, చెయ్యి లోపలికి పెట్టి మధ్యలోంచి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ళ సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు వస్తే సరిగ్గా ఉన్నట్టు, అంటే 50-60 శాతం తడి. ధారగా కారితే ఎక్కువైంది, చెయ్యి తెరవగానే పొడిపొడిగా రాలిపోతే తక్కువైంది.

మేలో కత్తిరి ఎండలకి మిద్దె సెగకే డ్రమ్ము ఎండిపోతుంది, లోపల పని ఆగిపోతుంది, చూడ్డానికి మాత్రం చెత్త అలాగే ఉంటుంది కాబట్టి జనం ఇంకా ఏదో కలుపుతారు. అప్పుడు కావాల్సింది నీళ్ళే, బియ్యం కడిగిన నీళ్ళైనా పర్లేదు, పుల్లటి మజ్జిగ పలచగా చేసి చల్లినా మంచిదే. సముద్రం దగ్గరి ఏరియాల్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే అవి మాత్రం పొయ్యకండి, ఉప్పు పేరుకుంటే సూక్ష్మజీవులకీ కష్టమే తర్వాత మొక్కకీ కష్టమే. డ్రమ్ముని నీడలోకి జరిపి పైన తడి గోనెసంచి కప్పండి.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల టైములో దీనికి పూర్తిగా రివర్స్. చెత్తలో సందులన్నీ నీళ్ళతో నిండిపోతాయి, నీళ్ళలో ఆక్సిజన్ పాకేది గాలిలో కంటే సుమారు 10,000 రెట్లు నిదానం, అందుకే గాలి లేకుండా బతికే బ్యాక్టీరియా ఎక్కువైపోయి కుళ్ళిన గుడ్ల కంపు కొడుతుంది. ఆ కంపు వచ్చిందంటే మూత మీద వాన పడకుండా కప్పి, కింద రంధ్రాలు మూసుకుపోయాయేమో పుల్లతో పొడిచి చూసి, ఎండాకులు గానీ చింపిన అట్టపెట్టెలు గానీ బాగా కలిపి రెండ్రోజులకోసారి తిరగెయ్యండి. అందుకే వానలకి ముందే ఒక సంచి నిండా ఎండాకులు దాచిపెట్టుకోమని అందరికీ చెప్తుంటా, నవంబర్‌లో పొడి ఆకు ఎక్కడా దొరకదు.

కంపోస్ట్ మట్టిలో కలిపాక కూడా కుళ్ళడం ఆగదు, ఇది చాలామంది పట్టించుకోరు. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది, అందుకే ఊటీలో ఏళ్ళు నిలిచే సేంద్రియ పదార్థం ఇక్కడ చాలా తొందరగా కరిగిపోతుంది. బంకమట్టి అయితే దాన్ని కొంచెం పట్టి ఉంచుతుంది, తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ వైపు ఇసుక నేలల్లో ఆ పట్టు కూడా ఉండదు. కాబట్టి సంవత్సరానికి ఒకేసారి బస్తా గుమ్మరించే బదులు నెలకోసారి కుండీకి రెండు మూడు గుప్పెళ్ళు వేసి, పైన రెండంగుళాల మందం ఎండాకులు పరవండి, కాండానికి ఆనకుండా చుట్టూ కాస్త ఖాళీ వదలండి.